తోకలు కాదండి, కన్నాలు లెక్కెట్టాలి

నమస్కారమండి. ఈ పూట ఎలకల గురించి. భోజనాల వేళ ఇదేం గోలండీ అనుకోకండి, ఐదు నిమిషాల్లో వదిలేస్తాను.

1902లో హనోయ్‌లో జరిగింది ముందు చెప్పాలి, ఎన్నిసార్లు చెప్పినా నాకు తనివి తీరదు. వియత్నాం అప్పుడు ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉంది, వాళ్ళుండే పేటలకి నేల కింద పెద్ద డ్రైనేజీలు వేసుకున్నారు, ఎలకకి అంతకంటే ఏం కావాలి, చీకటి, చెమ్మ, పిల్లి అడుగెట్టదు, అక్కడే కాపురం పెట్టి ఏకంగా లెట్రిన్లలోంచి ఇళ్ళల్లోకి వచ్చేశాయి. పైగా ప్లేగు భయం. కూలీలని దింపితే జూన్‌లో ఒక్కరోజే 20 వేలు దాటి చంపారు. అయినా తగ్గలేదు. అప్పుడు జనానికే చెప్పారు, ఎలకని చంపండి, తోక తెచ్చివ్వండి, తోకకో సెంటు. మొత్తం ఎలకని తెస్తే ఆ కుప్పలెక్కడ పాతిపెడతారు, అందుకని తోక చాలన్నారు. తోకలొచ్చాయండి, రోజూ వచ్చాయి, ఆఫీసు లెక్క బ్రహ్మాండం. కొన్నాళ్ళకి చూస్తే ఊళ్ళో తోకల్లేని ఎలకలు తిరుగుతున్నాయి! తోక కోసి వదిలేస్తున్నారన్నమాట, చంపేస్తే రేపు పిల్లల్నెవరు పెడతారు మరి. ఊరి చివరైతే మనం కోళ్ళని పెంచినట్టు ఎలకల్నే పెంచారు. పథకం ఎత్తేశారు.

తోకల లెక్క సరిగ్గానే ఉంది, ఎలకల లెక్కే ఎవరి దగ్గరా లేదు.

ఇప్పుడు న్యూయార్క్‌లో ఏ బిల్డింగ్‌లో ఎలక జాడ కనబడిందో ఇన్‌స్పెక్షన్ చేసి మ్యాప్‌లో పెడతారు, ఎవరైనా చూసుకోవచ్చు, అది నాకు నచ్చింది. మనకేమో ఇన్ని మందు పొట్లాలు పంచాం అని వార్త. పంచితే తగ్గినట్టేనాండీ?

మన డెల్టా రైతునడగండి. దాళ్వా చేలో, అంటే రెండో పంట వరి చేలో, గట్టు మీద కన్నాలన్నీ సాయంత్రం మట్టితో మూసేస్తాడు, పొద్దున్నే వెళ్తే కొన్ని తెరుచుకునుంటాయి, కొత్త మట్టి బయటికి తోసి ఉంటుంది, ఎలక ఉన్నవి అవే. మందు వాటిల్లోనే. 96 పాళ్ళు నూకలు, 2 పాళ్ళు నూనె, 2 పాళ్ళు 0.25 శాతం బ్రోమాడయోలోన్ అనే ఎలకల మందు పొడి, కలిపి 10, 15 గ్రాముల పొట్లం కట్టి కన్నం లోపలికి. చేతికి గ్లౌజు, పిల్లలూ కోళ్ళూ అటు రాకూడదు. కొన్నాళ్ళాగి మళ్ళీ మూసి, మళ్ళీ లెక్క. ముందెన్ని తెరుచుకున్నాయి, తర్వాతెన్ని తెరుచుకున్నాయి, ఊళ్ళో వాళ్ళకి చెప్పాల్సింది ఆ రెండంకెలేనండి.

మొన్న మా వీధి చివర కాలవ గట్టు మీద మేమే చేశాం. 14 మూస్తే తెల్లారేసరికి 9 తెరుచుకున్నాయి. మందెట్టి పది రోజులాగి మళ్ళీ మూస్తే రెండు. ఆ రెండూ మా పెరటి గోడ కిందే ఉన్నాయి, మా ఆవిడ రేడియో వినదనే ధైర్యంతో చెప్తున్నాను.