ముసలి పెట్ట గుడ్డు మానేసిందా, ఆపిందా?

అందరికీ నమస్కారమండీ. ఆదివారం పొద్దున్నే బెంగళూరులోని ఈ యలహంక దాకా ఇంతమంది వచ్చారు, పైగా ఒకమ్మాయి గంపలో కోడిని కూడా తెచ్చింది. దాని సంగతి చివర్లో చూద్దాం.

పశువుల డాక్టరుగా పనిచేసినన్నాళ్ళూ, ఇప్పుడు రిటైరయ్యాక కూడా నన్ను ఎక్కువమంది అడిగేది ఒకటే. "మా పెట్ట ముసలిదైపోయింది సార్, గుడ్డు మానేసింది, కోసేయమంటారా?" వయసెంత అంటే రెండేళ్ళంటారు. రెండేళ్ళకే ముసలితనమేంటండీ! ఈ లెక్క లేయర్ ఫారాల నుంచి, అంటే గుడ్ల కోసమే కోళ్ళను పెంచే ఫారాల నుంచి వచ్చింది. 18-20 వారాలకు గుడ్లు మొదలుపెట్టిన తెల్లకోడిని అక్కడ 72-80 వారాలకు, లేదా ఇంకొంత ఆగి అమ్మేస్తారు. అప్పటికి గుడ్లు ఆగిపోయి కాదు, దాణా ఖర్చుకు గిట్టక. మిద్దె మీద నాలుగు కోళ్ళు పెంచుకునే మనకు ఆ లెక్కతో పనేముంది? బాగా చూసుకుంటే కోడి ఐదు నుంచి ఎనిమిదేళ్ళు బతుకుతుంది.

వయసుతో గుడ్లు ఏటా కొన్ని తగ్గుతాయి, ఠక్కున ఆగిపోవు. గుడ్డు తయారీకి 24 నుంచి 26 గంటలు పడుతుంది. అందులో దాదాపు 20 గంటలు పెంకుకే. వయసు పెరిగేకొద్దీ గుడ్డు పెద్దదవుతుంది గానీ దానికి చేరే సున్నం పెరగదు. పిండి ముద్ద అంతే ఉంచి చపాతీ పెద్దది చేయమంటే పల్చబడక ఏమవుతుంది?

పెంకుకు 2 గ్రాముల దాకా కాల్షియం కావాలి. అది ఎక్కువగా రాత్రిపూట పోసుకుంటుంది. అప్పుడు కడుపులో సరుకు లేకపోతే తన ఎముకల్లోంచే తీసి పెడుతుంది. అందుకే సాయంత్రం పూట ఆల్చిప్ప ముక్కలు వేయండి. పొడి కాదు, ముక్కలు. కందనకాయలో అవి తెల్లవార్లూ మెల్లగా కరుగుతాయి.

ఇక నిజంగానే గుడ్డు ఆపే సందర్భాలున్నాయి. పొదుగుకు కూర్చున్నప్పుడు ఆపుతుంది. ఈకలు రాల్చేటప్పుడు రెండు మూడు నెలలు ఆపుతుంది, ఎందుకంటే తిన్న మాంసకృత్తులు కొత్త ఈకలకు పోతాయి. వెలుతురు తగ్గినా తగ్గిస్తుంది. బెంగళూరులో జూన్ పగలు దాదాపు 13 గంటలైతే, డిసెంబరు పగలు పదకొండున్నర కూడా ఉండదు. ఫారాల్లో బల్బులు వేసి 16 గంటలు చేస్తారు. నేను మా ఇంట్లో వేయను. దాన్ని ఆ కొన్నాళ్ళు పడుకోనివ్వండి, మీరు కొట్లో గుడ్లు కొనుక్కోండి.

ఎక్కువ గుడ్ల కోసమే తయారుచేసిన జాతికి ఆ గుడ్లే శత్రువులు. అండాశయ క్యాన్సర్ కోడికి దానంతటదే వస్తుంది కాబట్టి, ఆడవాళ్ళకొచ్చే ఆ జబ్బును అర్థం చేసుకోవడానికి శాస్త్రవేత్తలు కోళ్ళనే పరిశీలిస్తారు. అమెరికాలో మటిల్డా అనే కోడి 16 ఏళ్ళు బతికి గిన్నిస్ రికార్డుకెక్కింది. అది జీవితంలో ఒక్క గుడ్డూ పెట్టలేదట! బాతులు రెండో, మూడో ఏడు కూడా బాగానే పెడతాయి. పెద్దబాతులైతే మొదటి ఏడు కన్నా రెండో ఏడే నయం, ఇరవై ఏళ్ళ దాకా బతుకుతాయి కూడా.

కొనేటప్పుడు మాత్రం జాగ్రత్త. డాక్టర్నై ఉండి నేనే ఒకసారి సంతలో మోసపోయాను. ఆరునెలల పెట్టలని ఇచ్చారు. ఇంటికొచ్చాక కాళ్ళ పొలుసులు చూస్తే గరుకుగా, ఎండిన బెరడులా లేచి ఉన్నాయి. లేత కోడికి నున్నగా మెరుస్తాయి కదా! సంతలో ఆ తొందరలో కాళ్ళు తడిమి చూసుకోలేదు.

ఏదమ్మా, ఆ గంప ఇటివ్వు. మూడేళ్ళదన్నావు, నెలరోజులుగా గుడ్డే లేదన్నావు. చూడండి, తురాయి ఎర్రగా, మెత్తగా ఉంది. తోక కింద, గుడ్డొచ్చే దారికి అటూ ఇటూ రెండు సన్నటి ఎముకలు తగులుతాయి. గుడ్డు మానేసిన కోడికి వాటి మధ్య ఒక వేలు పట్టడం కూడా కష్టం. దీనికి మూడు వేళ్ళు పడుతున్నాయి. దారి కూడా వెడల్పుగా, తడిగా ఉంది. కాళ్ళు, ముక్కు చూడండి, పసుపు వెలిసిపోయింది. ఆ రంగంతా పచ్చసొనల్లోకి పోయింది.

నీ కోడి గుడ్డు మానలేదమ్మా. మిద్దె మీద కుండీల వెనకాల, వాటర్ ట్యాంకు కింద ఒకసారి వెతుకు. దొరికినవి తినకు, ముందు నీళ్ళలో వేసి చూడు. తేలితే పారెయ్.