గోలీ ఆపారా, సూది ఆపారా? నెల తప్పే లెక్క రెండిటికీ వేరు

[తెర మీద: మాలా-ఎన్ రేకు, పక్కన అంతరా ఇంజెక్షన్ తేదీల కార్డు]

"పిల్లలు కలగకుండా వాడే మందు ఆపేసి మూడు నెలలైంది, ఇంకా కడుపు నిలవలేదేంటి?" రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు ఆశా దీదీలకు ఈ ప్రశ్న కొత్త కాదు. జవాబు చెప్పాలంటే ముందు తెలియాల్సింది, మీరు ఆపింది ఏది అని.

మాలా-ఎన్, మాలా-డి గోలీల రేకులో 28 బిళ్ళలుంటాయి. హార్మోను ఉండేది 21లోనే, చివరి 7 ఐరన్‌వి. మధ్యలో ఆపినా ప్రమాదం లేదు గానీ, 21 పూర్తిచేసి ఆపితే తేదీలు గుర్తుంటాయి. ఆపిన రెండు నాలుగు రోజుల్లో కనపడేది మందు తగ్గినందుకు వచ్చే రక్తస్రావం, అసలు ముట్టు కాదు. అసలుది సాధారణంగా 4 నుంచి 6 వారాలకు వస్తుంది. అండం దానికంటే ముందే విడుదలవుతుంది కాబట్టి ముట్టు రాకుండానే కడుపు నిలవొచ్చు. "మందు ఒంట్లోంచి పోవాలి, మూడు నెలలు ఆగండి" అనే సలహా పక్కన పెట్టండి. మందు కొద్ది రోజుల్లోనే పోతుంది.

ఛాయా గోలీలో హార్మోను లేదు. కాపర్-టీలోనూ లేదు, తీయించిన నెలనుంచే ప్రయత్నించొచ్చు.

[తెర మీద: క్యాలెండరు]

అంతరా సంగతి వేరు. మూడు నెలలకోసారి కండకు ఇచ్చే 150 మిల్లీగ్రాముల మందు కొద్దికొద్దిగా కరుగుతుంది, దాని ప్రభావం మూడో నెలతోనే తెగిపోదు. చివరి సూదినుంచి సగటున 7 నుంచి 10 నెలలు పడుతుంది. జనవరిలో ఆఖరి సూది వేయించుకుంటే ఆగస్టు, నవంబరు మధ్య అనుకోండి. ఏప్రిల్లో ముట్టు రాలేదని అత్తగారు కంగారుపడితే ఆ కార్డు చూపించండి. అలాగని ఈలోగా నిలవదని ధీమా కూడా వద్దు, కొందరికి ముందే నిలుస్తుంది.

అండం బతికేది 12 నుంచి 24 గంటలు. వీర్యకణాలు 5 రోజుల దాకా ఉంటాయి. ఇంట్లో ఇద్దరూ ఉంటే రెండు మూడు రోజులకోసారి కలిస్తే చాలు, తేదీలు లెక్కపెట్టనక్కర్లేదు. గంజాం వైపునుంచి సూరత్ పనికి వెళ్ళి వారం సెలవు మీద వచ్చేవాళ్ళకే లెక్క కావాలి. 14వ రోజే అండం వస్తుందని చాలామంది నమ్ముతారు. కానీ లెక్క తర్వాతి ముట్టు తేదీనుంచి 14 రోజులు వెనక్కి వేయాలి. తర్వాతి ముట్టు 29న రావాల్సి ఉంటే అండం దాదాపు 15న, కలవాల్సింది 10 నుంచి 15 లోపు. రైలు టికెట్టు దాన్ని బట్టి తీయండి. ముట్టు క్రమం తప్పేవాళ్ళకు ఈ లెక్క పనిచేయదు.

గోలీ ఆపాక మూడు నెలలకూ ముట్టు రాలేదా? ముందు కిట్‌తో గర్భ పరీక్ష. కడుపు లేదని తేలితే డాక్టరు దగ్గర థైరాయిడ్, ప్రోలాక్టిన్ (పాలు పడేలా చేసే హార్మోను), పీసీఓఎస్ (అండం సరిగా విడుదల కాని హార్మోను తేడా) చూపించుకోండి. ఇవి గోలీ తెచ్చినవి కావు. గోలీ వేసుకున్నన్నాళ్ళూ ముట్టు తేదీకి వస్తుంది కాబట్టి పాత తేడా బయటపడలేదంతే.

ఆడమనిషి వయసు 35 లోపైతే ఏడాది, దాటితే 6 నెలలు చూసి ఆస్పత్రికి వెళ్ళాలి. ఆయన ఊళ్ళో లేని నెలలు ఈ లెక్కలోకి రావు. వెళ్ళేటప్పుడు ఇద్దరూ వెళ్ళండి. ఆడమనిషికి స్కానింగులన్నీ అయ్యాక మగవాడి పరీక్ష గుర్తురావడం మన ఇళ్ళల్లో మామూలే. వీర్య పరీక్షకు ముందు 2 నుంచి 7 రోజులు కలవకుండా ఉంటే చాలు, ఖర్చూ తక్కువ.

[తెర మీద: ఫోలిక్ యాసిడ్ బిళ్ళలు, రక్త పరీక్ష]

కడుపు నిలవడానికి కనీసం నెల ముందునుంచి రోజూ 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ వేసుకుని, 12 వారాల దాకా కొనసాగించండి. మూర్ఛ మందులు వాడుతున్నా, ముందు బిడ్డకు వెన్నుపాము లోపం ఉన్నా మోతాదు పెంచాలి, అది డాక్టరే చెప్పాలి.

కోరాపుట్, మల్కన్‌గిరి వైపునా, అటు గడ్చిరోలిలోనూ సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్త జబ్బు ఎక్కువ. ఇద్దరూ పరీక్ష చేయించుకోండి. 2023 జులైలో మొదలైన జాతీయ మిషన్ కింద 40 ఏళ్ళ దాకా ఉచితం. ఇద్దరూ వాహకులైతే (జబ్బు లేకున్నా దాని జన్యువును మోసేవాళ్ళైతే) ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి.

ముట్టు తప్పిన వారానికి, తెల్లవారి మొదటి మూత్రంతో నిశ్చయ్ కిట్ చూడండి. ఆశా దీదీ దగ్గర ఉచితంగా దొరుకుతుంది. ఒకే గీత వస్తే వారం ఆగి మళ్ళీ చూడండి. ముట్టు తప్పి, పొత్తికడుపులో ఒకవైపు బాగా నొప్పి వస్తే మాత్రం వారం ఆగొద్దు, ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళండి.