కట్టేదీ అమ్మే, విప్పేదీ అమ్మే
(దేవీ నవరాత్రుల సందర్భంగా చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. పెద్దలకు, అక్కచెల్లెళ్ళకు, వెనక వరుసల్లో కూర్చున్న పిల్లలకు కూడా నమస్కారం.

నవరాత్రుల్లో అమ్మవారిని ఎందుకు పూజిస్తాం, దాని లోపలి అర్థం ఏమిటి అన్నది చెప్పమని నన్ను పిలిచారు. సాధారణంగా ఈ మాట మహిషాసురుడితో మొదలవుతుంది. మహిషుడంటే మనలోని జడత్వం, సింహమంటే ధైర్యం అని చెప్పుకుంటూ వెళ్తాం. అందులో తప్పేమీ లేదు. అయితే దేవీ మాహాత్మ్యం అక్కడ మొదలు కాదు. ఇంట్లోంచి బయటపడినా ఇల్లు మరిచిపోలేని ఇద్దరు మనుషులతో మొదలవుతుంది. నాకు ఆ మొదలంటే ప్రాణం. ఈ సాయంత్రం ఎక్కువ సేపు అక్కడే ఆగుతాను, ఏమీ అనుకోకండి.

మార్కండేయ పురాణంలో 81 నుంచి 93 దాకా ఉన్న 13 అధ్యాయాలే దేవీ మాహాత్మ్యం. మొత్తం 700 మంత్రాలుగా లెక్కపెడతారు కాబట్టి సప్తశతి అంటాం. ఈ తొమ్మిది రోజులూ ఎన్నో ఇళ్ళలో, గుళ్ళలో పారాయణ చేసేది దీన్నే. ఇందులో సురథుడని ఒక రాజు. శత్రువుల చేతిలో ఓడిపోయాడు. ఊరికి తిరిగొస్తే సొంత మంత్రులే ఖజానానీ సైన్యాన్నీ లాగేసుకున్నారు. వేటకని చెప్పి, ఒక్కడే గుర్రమెక్కి అడవికి పోయాడు. అక్కడ మేధా మహర్షి ఆశ్రమంలో చోటు దొరికింది. చుట్టూ ప్రశాంతంగా ఉంది. క్రూర మృగాలు కూడా శాంతంగా తిరిగే చోటు. అక్కడ కూర్చుని రాజు ఏం ఆలోచిస్తున్నాడు? నా పట్టపుటేనుగు ఇప్పుడు ఎలా ఉందో అని. ఎంతో కష్టపడి కూడబెట్టిన ఖజానాను వాళ్ళు దుబారా చేసేస్తుంటారే అని.

అంతలో ఇంకొకాయన కనిపించాడు. సమాధి అనే వైశ్యుడు. డబ్బు మీద ఆశతో భార్యా కొడుకులే ఆయన్ని బయటికి గెంటేశారు. ఆయన బెంగ ఏమిటంటే, వాళ్ళు ఇంట్లో క్షేమంగా ఉన్నారో లేదో అని! రాజు ఆశ్చర్యపోయి అడిగాడు, నిన్ను గెంటేసినవాళ్ళ మీద నీకెందుకయ్యా ఇంత ప్రేమ అని. దానికి ఆ వైశ్యుడు చెప్పిన జవాబు ఎప్పుడు చదివినా నా గొంతు పట్టేస్తుంది. "నువ్వన్నది నిజమే. కానీ ఏం చేయను, నా మనసు కఠినం కావడం లేదు" అన్నాడు.

ఈ మాట మన ఇళ్ళలో ఎన్నిసార్లు వినలేదు? కొడుకు మాట్లాడడం మానేసి ఏళ్ళు గడిచినా, వాడి పుట్టినరోజు నాడు గుడిలో అర్చన చేయించే తల్లులు ఈ సభలో కూడా ఉండి ఉంటారు. "ఎందుకమ్మా నీకు?" అంటే వాళ్ళూ ఇదే చెబుతారు.

ఇద్దరూ కలిసి మహర్షి దగ్గరికి వెళ్ళి అడిగారు. మేం తెలివిలేని వాళ్ళం కాదు, తప్పేమిటో మాకు కనిపిస్తూనే ఉంది, అయినా మమకారం పోవడం లేదేమిటి అని. మహర్షి వాళ్ళను కోప్పడలేదు, వైరాగ్యం బోధించలేదు. పక్షుల్ని చూపించాడు. చూడండి, తమకే ఆకలిగా ఉన్నా, ఏరుకొచ్చిన గింజల్ని పిల్లల నోట్లో ఎలా పెడుతున్నాయో అన్నాడు. ఇదంతా మహామాయ పని. జ్ఞానుల మనసుని కూడా పట్టి లాగి మోహంలో పడేసేది ఆవిడే. ప్రసన్నురాలైతే ముక్తినిచ్చేది కూడా ఆవిడే.

సంసార బంధానికి కారణం ఆవిడే, మోక్షానికి కారణమైన విద్యా ఆవిడే అని ఆ మొదటి అధ్యాయంలోనే స్పష్టంగా ఉంది. మనల్ని కట్టేసిన తాడు ఒకరిదీ, దాన్ని విప్పే చెయ్యి ఇంకొకరిదీ కాదు. రెండూ అమ్మవే. నవరాత్రి పూజకు నాకు అర్థమైనంతలో అసలు సంగతి ఇది. సంసారాన్ని శత్రువులా చూసి దూరం తోసేయమని ఈ పూజ చెప్పడం లేదు. నీ లోపల ఇంత గట్టిగా పట్టుకుని ఉన్న ఈ ప్రేమ, ఈ బెంగ, ఈ ఆకలి ఎవరివో ఒకసారి తిరిగి చూడమంటుంది.

అయిదో అధ్యాయంలో దేవతలు చేసే స్తోత్రం మీ అందరికీ నోటికి వచ్చు. "యా దేవీ సర్వభూతేషు" అంటూ వస్తుంది, అన్ని ప్రాణుల్లోనూ ఈ రూపంలో ఉన్న దేవికి నమస్కారం అని. శక్తి, శాంతి, శ్రద్ధ, కాంతి, లక్ష్మి, దయ... ఈ పేర్లన్నీ మనకు హాయిగా ఉంటాయి. వాటి మధ్యలో నిద్ర ఉంది చూశారా? క్షుధ ఉంది, అంటే ఆకలి. తృష్ణ ఉంది. లజ్జ ఉంది. చిట్టచివర భ్రాంతి ఉంది. మనం మైకుల్లో పాడుకునేటప్పుడు వాటిని గబగబా దాటేస్తాం. భ్రాంతి కూడా దేవి ఎలా అవుతుంది? పొరపాటు పడడం, ఒకదాన్ని చూసి ఇంకొకటి అనుకోవడం, దానికి మూడుసార్లు నమస్తస్యై ఎందుకు?

చాలా ఏళ్ళు నాకు ఆ చోట తడబాటు ఉండేది. మా అమ్మ వల్ల అది తీరింది. అమ్మకు చివరి రెండేళ్ళూ మతిమరుపు జబ్బు. ముందు వీధి పేర్లు పోయాయి, తర్వాత మనుషుల పేర్లు. ఒకరోజు నేను ఊరి నుంచి వెళ్ళి పక్కన కూర్చుంటే, చాలాసేపు నా మొహంలోకి చూసి, "ఎవరమ్మా నువ్వు?" అని అడిగింది. నా గుండె జారిపోయింది. నేను జవాబు చెప్పేలోపే ఇంకో మాట అడిగింది. "అన్నం తిన్నావా?"

ఆ రాత్రి అమ్మ మంచం పక్కనే కూర్చుని పారాయణ చేసుకున్నాను. ఆ స్తోత్రంలో స్మృతిరూపేణ అని వస్తుంది, తర్వాత దయ, తర్వాత తుష్టి. ఆ తర్వాత మాతృరూపేణ. దాన్ని ఆనుకునే, మధ్యలో ఇంకేమీ లేకుండా, భ్రాంతిరూపేణ. ఆ వరస అన్నేళ్ళూ చదివాను గానీ ఆ రాత్రి దాకా చూడలేదు. మా అమ్మలో స్మృతి వెళ్ళిపోయింది. భ్రాంతి వచ్చి కూర్చుంది. కానీ నేనెవరో తెలియని ఆ స్థితిలో కూడా ఎదుట ఉన్న మనిషి ఆకలి అడిగే అమ్మతనం మాత్రం పోలేదు. మహర్షి చూపించిన పక్షి నా ఎదురుగా పడుకుని ఉంది. అప్పటినుంచీ ఆ మంత్రం దగ్గర నేను తడబడలేదు.

ఆకలి కూడా దేవి అన్నప్పుడు ఇంద్రకీలాద్రి గుర్తొస్తుంది. బెజవాడ కనకదుర్గమ్మను ఈ రోజుల్లో రోజుకో అలంకారంలో చూస్తాం. ఒకరోజు బాలా త్రిపురసుందరి, ఒకరోజు గాయత్రి, ఒకరోజు అన్నపూర్ణ. మూలా నక్షత్రం నాడు సరస్వతిగా ఉన్న అమ్మను చూడడానికి జనం రాత్రి నుంచే క్యూలైన్లలో నిలబడతారు. లోపల ఉన్న అమ్మ మాత్రం ఒక్కటే. అన్నపూర్ణ అలంకారం ముందు నిలబడినప్పుడు నాకు అనిపించేది ఇదీ: అన్నం పెట్టే చెయ్యి అమ్మదైతే, అన్నం కోసం చాచిన చెయ్యిలో ఉన్న ఆకలి ఎవరిది? క్షుధారూపేణ సంస్థితా అన్నారు కదా. కాబట్టి పూజ అయ్యేదాకా ఆగమని ఆకలిగా ఉన్నవాళ్ళకు చెప్పే హక్కు మనకు లేదు. గుమ్మంలో నిలబడింది కూడా ఆవిడే.

ఇక యుద్ధాల సంగతికి వస్తాను. మహిషాసుర ఘట్టం మీ అందరికీ తెలుసు, ఒక్క మాట చెప్పి ముందుకు వెళ్తాను. దేవతలందరి తేజస్సు ఒక్కచోట చేరి స్త్రీ రూపమైంది. శివుడు శూలం, విష్ణువు చక్రం, వరుణుడు శంఖం, హిమవంతుడు సింహం, ఇలా ఎవరి దగ్గరున్నది వాళ్ళు తెచ్చి ఇచ్చారు. నా బలం నాది అని పట్టుకున్నంతకాలం ఒక్కొక్కరూ ఓడిపోయారు. ఆయుధపూజ నాడు మెకానిక్ తన స్పానర్‌కు, దర్జీ తన మిషన్‌కు, డ్రైవర్ తన బండికి పసుపు కుంకుమ పెట్టి దణ్ణం పెడతారు చూడండి, అది ఇదే. నా చేతిలో ఉన్న పనితనం నేను పుట్టించుకున్నది కాదు అని ఒప్పుకోవడం.

శుంభుడి కథ దగ్గర మాత్రం కాస్త నిలబడాలి. మనం దాన్ని సరిగ్గా చదవడం లేదని నా బాధ. హిమాలయంలో అమ్మవారిని చండముండులు చూస్తారు. వెళ్ళి తమ రాక్షసరాజు శుంభుడితో ఏమంటారు? ఐరావతం నీ దగ్గరుంది, పారిజాతం నీ దగ్గరుంది, ఉచ్చైఃశ్రవం నీ దగ్గరుంది, లోకంలోని రత్నాలన్నీ నీవే, ఈ స్త్రీరత్నం ఒక్కటీ ఎందుకు తెచ్చుకోవు అంటారు. రత్నాలు అనుభవించేది మేమే కాబట్టి నువ్వూ వచ్చేయ్ అని దూత చేత కబురు పంపిస్తాడు శుంభుడు. ఆవిడ ఎవరో, ఏం కోరుకుంటోందో అడగాలని కూడా అతనికి తట్టలేదు. ఏనుగు, గుర్రం, చెట్టు, ఆ వరసలో ఒక స్త్రీ. శుంభుడి రాక్షసత్వం కోరల్లో లేదు, ఆ లెక్కలో ఉంది.

అతను చచ్చిపోయాక 11వ అధ్యాయంలో దేవతలు చేసే స్తుతిలో, లోకాల్లోని విద్యలన్నీ నీ భేదాలే, స్త్రీలందరూ నీ రూపాలే అంటారు. మనం కుమారీ పూజ చేస్తాం. సువాసినులను పిలిచి పసుపు, కుంకుమ, రవికె గుడ్డ ఇస్తాం. పదేళ్ళ పిల్ల కాళ్ళకు పసుపు రాసి నమస్కారం చేస్తాం. అదే పిల్ల పన్నెండేళ్ళకు స్కూల్ మానేయాల్సి వస్తే ఊరుకుంటాం. పెళ్ళి చూపుల్లో ఆమె రంగు, ఎత్తు, తెచ్చే కట్నం లెక్క వేస్తాం. ఆ లెక్క ఎవరిదో ఇప్పుడే చెప్పుకున్నాం. పూజలో కూర్చున్నవాళ్ళం మనమే కాబట్టి మనకే గట్టిగా చెబుతున్నాను.

రక్తబీజుడనే రాక్షసుడి సంగతి కూడా ఒక్క నిమిషం. వాడి నెత్తురు బొట్టు నేల మీద పడితే ఇంకొక రక్తబీజుడు లేస్తాడు. ఎంత నరికితే అంత పెరుగుతారు. అప్పుడు చండిక, అంటే అమ్మవారే, కాళితో, నీ నోరు పెద్దగా తెరిచి ఆ బొట్లు కింద పడకుండా మింగేయమంటుంది. ఇంట్లో ఒక మాట పడితే దానికి నాలుగు మాటలు లేవడం మనం చూస్తాం. వాట్సాప్ గ్రూపుల్లో అయితే నిమిషంలో నలభై. ఎవరో ఒకరు ఆ బొట్టును నేల మీద పడనివ్వకుండా మింగుకోవాలి. అది పిరికితనం కాదు, కాళి చేసిన పని. అయితే ఆ మింగడం ఎప్పుడూ ఇంటి కోడలి వంతే కాకూడదు.

తెలంగాణ అక్కచెల్లెళ్ళు ఎంతోమంది వచ్చారు ఇక్కడికి. బతుకమ్మ గురించి చెప్పకుండా ఎలా ముగిస్తాను? మహాలయ అమావాస్య నాడు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై, దుర్గాష్టమి నాడు సద్దుల బతుకమ్మతో ముగుస్తుంది. 2014లో దాన్ని రాష్ట్ర పండుగ చేశారు. తంగేడు, గునుగు, కట్ల పూలు, బంతి, చామంతి, ఎక్కువ భాగం చెలకల్లో, గట్ల మీద పూసేవే. వాటినే గుండ్రంగా పేర్చి, పైన పసుపు గౌరమ్మను పెట్టి, చుట్టూ తిరుగుతూ ఆడతారు. ఇక్కడ పూలతో అమ్మను పూజించడం కాదు, పూలే అమ్మ. మధ్యలో ఆరో రోజు అలిగిన బతుకమ్మ అని ఆట ఉండదు. అలిగే హక్కు కూడా ఉన్న దేవత! ఇంటి ఆడపడుచును చూసినట్టు చూస్తేనే దేవత అలక కూడా పండుగలో ఒక రోజవుతుంది.

అంత కష్టపడి పేర్చిన బతుకమ్మను చివరికి చెరువులో వదిలేస్తారు. మన ఇళ్ళలో కలశానికి కూడా పూజ అయ్యాక ఉద్వాసన చెబుతాం. కలశాన్ని కొంచెం కదిలిస్తాం, "పునరాగమనాయ చ" అంటాం. మళ్ళీ రావడానికే వెళ్ళమ్మా అని. మనం ఇంట్లోంచి బయటికి పోయేటప్పుడు "పోతున్నా" అనం కదా, "వెళ్ళొస్తా" అంటాం. అదే మాట. పేర్చడం ఎంత పూజో, నీళ్ళలో వదలడం అంత పూజ. మా అమ్మ పోయిన ఏడాది ఉద్వాసన మంత్రం నా నోట్లోంచి రాలేదు. పక్కింటి పిన్నిగారు వచ్చి నా చెయ్యి పట్టుకుని కలశం కదిలించారు.

మళ్ళీ ఆ ఇద్దరి దగ్గరికి వెళ్ళి ముగిస్తాను. మహర్షి కథంతా చెప్పాక రాజూ వైశ్యుడూ నది ఒడ్డుకు వెళ్ళారు. అక్కడి ఇసుక తిన్నె మీద మట్టితో అమ్మ బొమ్మ చేసుకున్నారు. బంగారం లేదు, గుడి లేదు. పూలు, ధూపం, నీళ్ళు. మూడేళ్ళు అలా పూజించాక అమ్మ ప్రత్యక్షమై ఏం కావాలో అడగమంది. వైశ్యుడు "నేను, నాది" అన్న పట్టు తెంచే జ్ఞానం కావాలన్నాడు. రాజు ఏం అడిగాడు? నా రాజ్యం నాకు కావాలన్నాడు! వచ్చే జన్మలో కూడా పోని రాజ్యం కావాలన్నాడు. అంత కథ విని, మూడేళ్ళు తపస్సు చేసి, మళ్ళీ అదే అడిగాడు.

అమ్మ అతన్ని ఒక్క మాట అనలేదు. ఇంకా నీకు బుద్ధి రాలేదా అని అడగలేదు. కొద్దిరోజుల్లోనే నీ రాజ్యం నీకొస్తుంది, వచ్చే జన్మలో సావర్ణి మనువువు అవుతావు అంది. వైశ్యుడి వైపు తిరిగి, నువ్వడిగిన జ్ఞానం నీకు కలుగుతుంది అంది. ఆకలేసిన పిల్లాడికి అన్నం, నిద్రొచ్చిన పిల్లాడికి పక్క. ఒకే అమ్మ, ఒకే ఇసుక తిన్నె మీద.

హారతికి వేళయింది. అందరికీ నమస్కారం.