డేటా సెంటర్‌లో మన తరఫు చేతులు

సభకు నమస్కారం. విజయవాడ, గుంటూరు ప్రాంతాల్లోని ఆసుపత్రులు, కళాశాలలు, చిట్‌ఫండ్ సంస్థలు, శీతల గిడ్డంగుల కంప్యూటర్ వ్యవహారాలు చూసేవారు ఈ సభలో ఎక్కువగా ఉన్నారు. అందువల్ల డేటా సెంటర్ నిర్మాణం జోలికి వెళ్లకుండా, అందులో ర్యాక్, అంటే సర్వర్లు అమర్చే బీరువాలాంటి చట్రం, అద్దెకు తీసుకున్న ఖాతాదారు తరఫున అక్కడి సిబ్బంది చేసిపెట్టే పని గురించి మాత్రమే మాట్లాడతాను. ఆ రంగంలో దీన్ని రిమోట్ హ్యాండ్స్ అంటారు.

మన సర్వర్ హైదరాబాద్‌లోనో, చెన్నైలోనో, ముంబైలోనో ఉంటుంది. దాని గుట్టుమట్లు తెలిసిన ఇంజినీరు బెంజ్ సర్కిల్ దగ్గర కూర్చుని ఉంటాడు. డేటా సెంటర్ మంగళగిరిలోనే ఉన్నా, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు అక్కడ చిక్కుకుపోయినవారికి మంగళగిరి కూడా ముంబైయంత దూరమే అయింది. ఐపీఎంఐ, ఐలో, ఐడ్రాక్ వంటి సదుపాయాల ద్వారా సర్వర్‌ను ఇక్కడినుంచే ఆపవచ్చు, మళ్లీ లేపవచ్చు, దాని తెరనూ చూడవచ్చు. కాలిపోయిన పవర్ సప్లైని మార్చడానికీ, వదులైన కేబుల్‌ను మళ్లీ గట్టిగా బిగించడానికీ మాత్రం అక్కడ ఒక మనిషి ఉండి తీరాలి.

ఆ మనిషికి మన యంత్రం గురించి ఏమీ తెలియదు. ఒకే షిఫ్టులో పలువురు ఖాతాదారుల ర్యాకుల మధ్య తిరిగే టెక్నీషియన్‌కు, మనం టికెట్‌లో, అంటే పని చేయమని కోరుతూ పంపే అభ్యర్థనలో, రాసిన నాలుగు వాక్యాలే ఆధారం. ఈ సేవలో తలెత్తే నష్టాల్లో చాలావాటికి మూలం అతని అసమర్థతలో కంటే మన రాతలోనే ఉంటుందని నా అభిప్రాయం.

ఉదాహరణకు, 'మూడో డిస్కు పాడైంది, మార్చండి' అని రాశామనుకుందాం. చాలా సర్వర్లలో డిస్కు గదుల లెక్క సున్నా నుంచి మొదలవుతుంది. మూడో డిస్కు అంటే 2 అని రాసి ఉన్న గదిలోదా, 3 అని రాసి ఉన్న గదిలోదా? రెయిడ్ 5 పద్ధతిలో అమర్చిన డిస్కుల్లో ఒకటి పోయినా సమాచారం నిలుస్తుంది. కానీ ఒకటి ఇప్పటికే పాడై ఉండగా, పొరపాటున పనిచేస్తున్న మరొకదాన్ని లాగితే మొత్తం కుప్పకూలుతుంది. కాబట్టి ఇక్కడినుంచే ఆ డిస్కు గుర్తింపు దీపాన్ని వెలిగించి, సీరియల్ నంబరు రాసి, 'లాగే ముందు ఫొటో పంపి, మా అనుమతి వచ్చేదాకా ఆగండి' అని స్పష్టంగా చెప్పాలి. కుడి, ఎడమ అనే మాటలూ అంతే ప్రమాదకరం: ర్యాక్‌కు ముందు నిలబడితే ఎడమవైపు ఉన్నది, వెనక్కి వెళ్లేసరికి కుడివైపు అవుతుంది. ర్యాక్‌లో ఒక్కో యూనిట్ ఎత్తు 1.75 అంగుళాలు, సాధారణంగా 42 యూనిట్లు ఉంటాయి. ముందువైపో వెనకవైపో చెప్పి, యూనిట్ సంఖ్య ఇస్తే ఎవరికీ సందేహం ఉండదు.

విద్యుత్తు విషయంలో ఇంకా నిదానించాలి. ర్యాక్‌కు ఏ, బీ అని రెండు వేర్వేరు మార్గాల్లో కరెంటు వస్తుంది. ఒకదాన్ని ఆపి పనిచేయవచ్చన్న ధీమాతో, రెండింటిపైనా వాటి సామర్థ్యంలో 60 శాతం చొప్పున భారం పెట్టుకున్న సంస్థలు ఉంటాయి. ఏ మార్గం ఆపగానే బీ మీద 120 శాతం పడి బ్రేకర్ ట్రిప్ అవుతుంది. టెక్నీషియన్ ప్లగ్గు తీసినందుకే సర్వర్లు ఆగాయని తర్వాత వాదన వస్తుంది గాని, తప్పు ఎప్పుడో జరిగిపోయింది.

ఫైబర్ కేబుళ్ల దగ్గర అక్కడి సిబ్బంది అనుభవం మీద భరోసా ఉంచడమే మేలు. సింగిల్ మోడ్ ఫైబర్‌లో వెలుగు ప్రయాణించే దారి సుమారు 9 మైక్రాన్లే. తల వెంట్రుక కంటే ఎంతో సన్నని ఆ దారికి ఒక్క ధూళి కణం అడ్డుపడినా సిగ్నల్ క్షీణిస్తుంది. అందుకే కనెక్టర్ కొసను మైక్రోస్కోపుతో చూసి, శుభ్రం చేసి, ఆ తర్వాతే గుచ్చాలి. ఇంత చేసినా లింకు రాకపోతే పంపే, అందుకునే పోగులు తారుమారయ్యాయేమో చూడమనడం మొదటి ఉపాయం.

ఇక ఒప్పందం సంగతి. '30 నిమిషాల్లో స్పందన' అన్న వాక్యం చూసి అరగంటలో సమస్య తీరుతుందని ఆశపడకండి; చాలా ఒప్పందాల్లో దాని అర్థం, మన టికెట్‌ను ఒకరు స్వీకరిస్తారని మాత్రమే. ఛార్జీని గంటల లెక్కనో, 15 లేదా 30 నిమిషాల ముక్కల లెక్కనో వేస్తారు. రాత్రివేళ, సెలవురోజుల్లో రేటు పెరగవచ్చు. వీటికంటే ముఖ్యమైనది, టికెట్ వేసే అధికారం ఉన్నవారి జాబితా. ఉద్యోగం మానేసిన మనిషి పేరు అందులో అలాగే మిగిలిపోతే, మీ సర్వర్‌ను ఆపమని అతడు అడిగినా వారు ఆపుతారు. నిష్ఠూరంగా ఉన్నా అంటాను: మన సంస్థల్లో ఆ జాబితాను తిరగేసేవారు అరుదు. పాస్‌వర్డును టికెట్‌లో రాసేవారు మాత్రం కోకొల్లలు.

చివరగా, తీసేసిన డిస్కు సంగతి. పాడైన డిస్కులో కూడా రోగుల వివరాలో, విద్యార్థుల వివరాలో చదవగలిగే స్థితిలో ఉండవచ్చు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం, తగిన భద్రతా చర్యలు తీసుకోని సంస్థకు 250 కోట్ల రూపాయల వరకూ జరిమానా పడవచ్చు. వారంటీ కింద పాత డిస్కును తయారీదారు వెనక్కి అడుగుతాడు. దాన్ని మీ దగ్గరే ఉంచుకోవాలంటే సాధారణంగా ముందే అందుకు విడిగా సొమ్ము కట్టి ఉండాలి. అలా ఉంచుకున్న డిస్కును డేటా సెంటర్‌లో ఎవరి బీరువాలో, ఎవరి సంతకంతో పెడతారో, ముక్కలు చేయించాక ధ్రువపత్రం ఎన్ని రోజుల్లో ఇస్తారో ఒప్పందంలో రాయించుకోండి. టికెట్ మూసే ముందు ఆ డిస్కు సీరియల్ నంబరు కనిపించే ఫొటో అడగండి.