రాబందుల దీవిలో కాలినడక

అందరికీ నమస్కారం. ట్రెక్కింగ్ మిత్రులు నన్ను పిలిచింది దీవిలో నడక గురించి చెప్పమని. చెబుతాను కానీ, సగం సేపు రాబందుల గురించే మాట్లాడితే ఏమనుకోకండి.

దీవి పేరు ట్స్రెస్. క్రొయేషియాలో, ఏడ్రియాటిక్ సముద్రంలో ఉంది. బ్రెస్తోవా రేవులో ఫెర్రీ ఎక్కి పోరోజినాలో దిగాలి. దీవి ఉత్తర భాగంలో, సముద్రానికి దాదాపు 130 మీటర్ల ఎత్తున బేలి అనే చిన్న ఊరు ఉంది. గ్రిఫన్ రాబందుల సంరక్షణ కేంద్రం అక్కడే.

అక్కడికి ఎక్కువగా వచ్చేవి పిల్ల రాబందులు. దగ్గర నుంచి చూస్తే పిల్లను ఇట్టే గుర్తుపట్టొచ్చు. మెడ మొదట్లో ఈకల పట్టీ గోధుమ రంగులో ఉంటుంది, పెద్దయ్యాక తెల్లబడుతుంది. రెక్కలు చాపితే ఈ కొస నుంచి ఆ కొసకు రెండున్నర మీటర్లు! అంత రెక్క ఉండీ నీళ్లలో ఎందుకు పడుతుందని అడుగుతారు. రాబందు నేల వేడెక్కి పైకి లేచే గాలి మీద తేలుతుంది, ఊరికే రెక్కలు కొట్టుకుంటూ ఎంతో దూరం పోలేదు. ఇక్కడి గూళ్లేమో సముద్రం మీది కొండచరియల్లో. నీటి మీద ఆ గాలి సరిగా లేవదు. ఎండాకాలంలో, ఇంకా ఎగరడం చేతకాని పిల్ల టూరిస్టు పడవకు బెదిరి గూడు వదిలిందా, నేరుగా సముద్రంలోకే. తడిసిన రెక్కలతో మళ్లీ లేవలేదు. ఎవరైనా చూసి బయటికి తీస్తేనే బతుకు. అలా తెచ్చినవాటిని సాకి, కోలుకున్నాక కాలికి గుర్తింపు రింగు వేసి వదులుతారు. జంటకు ఏడాదికి ఒక్కటే గుడ్డు మరి.

ఇక నడక. బేలి నుంచి త్రముంతానా ప్రాంతంలోకి బాటలున్నాయి. ఓక్ చెట్లు, అడుసు లేకుండా పేర్చిన రాతి గోడలు, వాటి మధ్య గొర్రెలు. నన్నడిగితే అసలు సంరక్షణ కేంద్రం ఈ గోడల మధ్యే ఉంది. చచ్చిన గొర్రెలే రాబందుల తిండి. వేట కోసం దీవికి తెచ్చిన అడవిపందులు గొర్రెపిల్లల మీద పడుతున్నాయి. కాపరి మంద వదిలేస్తే పై పక్షికి పస్తే.

మన దేశంలో పశువుల మందలకు కరువు లేదు, రాబందుల్ని చంపింది ఒక మందు. పశువులకు నొప్పికి వేసిన డైక్లోఫెనాక్ కళేబరాల ద్వారా రాబందుల కిడ్నీలు పాడుచేసింది. 2006లో పశువైద్యంలో దాన్ని నిషేధించారు. ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవిలోని పాలరాపు గుట్ట పొడుగు ముక్కు రాబందులు గూళ్లు పెట్టిన చోటు. అక్కడికి వెళ్లినా దూరం నుంచే చూడండి.

ట్స్రెస్ వెళ్లేవాళ్లు నీళ్లు ఎక్కువ పట్టుకెళ్లండి, అది సున్నపురాయి నేల, పైన నీరు నిలవదు. గోడల దగ్గర గేటు తీస్తే మళ్లీ వేయండి. పడవ ఎక్కితే మాత్రం, ఫొటో కోసం కొండచరియ దగ్గరికి పోనిమ్మని పడవాయన్ని అడగొద్దు. ఇక మీ ప్రశ్నలు కానివ్వండి.