కూరలో ముక్క కడిగి కుక్కకి పెడుతున్నారా?

నమస్తే అండీ, పాలకొల్లు నుంచి మళ్లీ నేనే. ఈ వీడియో కోపంతో చేస్తున్నాను, ముందే చెప్పేస్తున్నా. "కూరలో ముక్క ఊరికే పెట్టట్లేదండీ, కుళాయి కింద కడిగే పెడుతున్నాం" అనే మాట ఈ వారంలో ముగ్గురి నోట విన్నాను.

సరే, పులస పులుసు వండి మర్నాడు ఎందుకు తింటాం? ముక్కకి పులుసు పట్టాలని. ఆ మర్నాటి ముక్కని కుళాయి కింద పెట్టి కడగండి, పులుపు పోతుందా? (పులసని కడగమన్నానని మా అమ్మకి చెప్పకండి, గుమ్మం ఎక్కనివ్వదు.) కోడికూర ముక్కా అంతే, ఉల్లి, వెల్లుల్లి సారం లోపలికి దిగిపోయి ఉంటుంది. వాటిలోని గంధకపు పదార్థాలు కుక్క ఒంట్లో ఎర్ర రక్తకణాల్ని పగలగొడతాయి. ఉడికించినా, వేయించినా, పొడి చేసినా ఆ గుణం పోదు. 10 కిలోల కుక్కకి 150 గ్రాముల ఉల్లి, అంటే రెండు పాయలు, చాలు ప్రమాదానికి. వెల్లుల్లి ఇంకా గట్టిది. రోజూ కొంచెం కొంచెం పెట్టినా దెబ్బే.

పైగా వెంటనే బయటపడదు. మా వీధిలో ఒక కుక్క కూర తిన్న నాలుగో రోజుకి పడుకున్న చోటు నుంచి లేవలేదు. పెదవి ఎత్తి చూస్తే చిగుళ్లు సున్నం కొట్టినట్టున్నాయి, మూత్రం కాఫీ రంగు. ఆ ఇంటావిడ మాత్రం "కడిగే పెట్టానమ్మా" అంటూనే ఉంది.

కాబట్టి దాని వాటా ముందే విడిగా తీసి వండాలి. ఎముకలేని ముక్కలు, నీళ్లు, అంతే. ఉప్పు, మసాలా ఏమీ వద్దు. పచ్చి చికెన్‌ని సింకులో కడగకండి, ఆ తుంపర్లతో క్రిములు గిన్నెలన్నిటి మీదా పడతాయి. ముక్క నడిమధ్య 74 డిగ్రీలు దాటాలి, కుక్కర్లో పెడితే ఆ బెంగ లేదు. ఎముకతో వండారా, తీసేయండి, ఉడికిన ఎముక విరిగితే సూదిలా పేగుల్లో గుచ్చుకుంటుంది.

మళ్లీ పులుసు దగ్గరికే వస్తాను. కుక్కకని విడిగా ఉడికించిన ముక్కలో సారం కొంత నీళ్లలోకి దిగుతుంది కదా, ఆ నీళ్లు పారబోయకండి, చల్లారాక పైన కట్టిన కొవ్వు మాత్రం తీసేయండి, కొవ్వు ఎక్కువైతే కుక్కలకి క్లోమం వాస్తుంది. ఇంకోటి, పులుసు రాత్రంతా బయట నిలిచేది చింతపండు పులుపు వల్ల. దీనికి పులుపూ లేదు, ఉప్పూ లేదు, మన ఉక్కపోతలో రెండు గంటల్లోపే ఫ్రిజ్‌లో పెట్టాలి. మూడు రోజులు దాటితే పారేయండి, పాడైనదాన్ని మళ్లీ మరిగించినా కొన్ని విషాలు పోవు.

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తా. ఒట్టి మాంసం పూర్తి భోజనం కాదు, అందులో భాస్వరం ఎక్కువ, కాల్షియం బాగా తక్కువ, అదే రోజూ పెడితే కుక్కపిల్లలకి ఎముకలు వంగిపోతాయి. రోజూ ఇంటి వంటే పెట్టేవాళ్లు కొలతలు పశువుల డాక్టరుతో రాయించుకోండి. లివర్ కొంచెమే. మటన్ కొట్టు దగ్గర పచ్చి ఊపిరితిత్తులు విసిరేయకండి, వాటిలోంచి వచ్చే బద్దెపురుగు గుడ్లు కుక్క మలం ద్వారా మనకే చేరతాయి.

పులస పెట్టొచ్చా అని అడిగేవాళ్లుంటారు. ముళ్లున్నాయండీ, వద్దు. అయినా ఆ రేటు పెట్టి కొన్నాక కుక్క దాకా ఎవరు మిగులుస్తారు?