ఎయిర్ అంబులెన్స్ నలభై నిమిషాలు ఎందుకు ఆగింది?

అందరికీ నమస్కారం. ఆదివారం సాయంత్రం మారతహళ్లి ట్రాఫిక్ దాటుకుని ఒక డాక్టర్ మాటలు వినడానికి ఇంతమంది వస్తారని అనుకోలేదు. వెనక నుంచి ఫిల్టర్ కాఫీ వాసన వస్తోంది కాబట్టి గొప్పంతా నాదేనని చెప్పుకోను.

ముందు ఈ సీసా చూడండి. మామూలు మంచినీళ్ల సీసా. నిన్న రాత్రి హైదరాబాద్ నుంచి వస్తూ, విమానం బాగా ఎత్తులో ఉన్నప్పుడు నీళ్లు తాగేసి మూత గట్టిగా బిగించాను. బెంగళూరులో దిగేసరికి పక్కలు ఇలా లోపలికి నొక్కుకుపోయాయి. దీని మీద ఎవరూ కూర్చోలేదు. చెన్నైలో దిగి ఉంటే ఇంకా నొక్కుకుపోయేది. ఎందుకో చెప్తాను, అందాకా ఎవరూ మూత తీయకండి. ముందు వరుసలో బాబూ, నీకే చెప్తున్నా.

నేను మత్తు డాక్టర్ని, ఐసీయూలో పని. మాది అనంతపురం వైపు. పన్నెండేళ్లుగా అప్పుడప్పుడు ఎయిర్ అంబులెన్స్‌లో రోగుల వెంట వెళ్తుంటాను. ఈ పనిలో నేను ఎక్కువగా తిన్న తిట్లు ఆలస్యం చేసినందుకే. అలాంటి ఒక ఆలస్యం కథ చెప్తాను.

కోస్తాలో ఒక ఊరు. బైక్ మీద నుంచి పడ్డ కుర్రాడు. వెన్నెముక ఆపరేషన్ కోసం బెంగళూరు తీసుకురావాలి. రెండు పక్కటెముకలు విరిగాయి. మెలకువగానే ఉన్నాడు, మాస్క్‌తో ఆక్సిజన్ పెడుతున్నారు. పల్స్ ఆక్సీమీటర్ 97 చూపిస్తోంది. కరోనా తర్వాత ఆ అంకె అర్థం కాని ఇల్లు లేదు కదా, ఇంట్లోవాళ్లు ధైర్యంగానే ఉన్నారు. నేను ఎక్స్-రే లైట్‌కి పెట్టి చూశాను. కుడి ఊపిరితిత్తికీ ఛాతీ గోడకీ మధ్య సన్నటి నల్లటి అంచు ఉంది. అక్కడ గాలి చేరింది. అక్కడి డాక్టర్ కూడా చూశారు. 'చిన్నదే, కనిపెట్టుకుని ఉంటే సరిపోతుంది' అన్నారు. నేల మీద ఆయన మాట నూటికి నూరుపాళ్లు నిజం. నేను మాత్రం ఆ గాలి బయటికి తీసే ట్యూబ్ ఛాతీలోకి వేసేదాకా కదలనన్నాను. సామాను సర్దడం, మత్తు సూది, ట్యూబ్, మళ్లీ ఎక్స్-రే అన్నీ కలిసి నలభై నిమిషాలు పట్టింది. కుర్రాడి బావమరిది వచ్చి, 'లక్షలు కట్టింది ఇక్కడ కూర్చోడానికా డాక్టర్ గారూ?' అన్నాడు. సమాధానం చెప్పే టైం లేదు. ఆ సమాధానం ఇవాళ మీకు చెప్తున్నాను.

తిరుమల ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు చెవులు దిబ్బెళ్లు పడతాయి కదా. గుటక వేస్తే టక్కుమని తెరుచుకుంటాయి. చెన్నైలో కొన్న చిప్స్ ప్యాకెట్ ఇక్కడికి వచ్చేసరికి ఉబ్బి ఉంటుంది. రెండింటికీ కారణం ఒకటే. మన నెత్తి మీద ఉన్న గాలి మనల్ని నొక్కుతూ ఉంటుంది. సముద్ర మట్టం దగ్గర ఆ ఒత్తిడి 760 మిల్లీమీటర్ల పాదరసానికి సమానం. బెంగళూరు 3,000 అడుగుల ఎత్తులో ఉంది, ఇక్కడ అది 680 ప్రాంతానికి తగ్గిపోతుంది. ఇక్కడ నీళ్లు కూడా 100 డిగ్రీల దాకా ఆగవు, 97 ప్రాంతంలోనే మరుగుతాయి. కొత్తగా కాపురానికి వచ్చినవాళ్లు పప్పు ఉడకట్లేదంటే కుక్కర్‌ని మాత్రమే తిట్టకండి. 18,000 అడుగులకు పోతే ఒత్తిడి సగమే మిగులుతుంది.

మరి విమానం 35,000 అడుగుల్లో పోతుంది కదా, లోపల గాలి నింపుతారు కదా అంటారు. నింపుతారు, కానీ నేల మీద ఉన్నంత నింపరు. బయట పలచటి గాలి, లోపల చిక్కటి గాలి అయితే విమానం ఒళ్లు బెలూన్‌లా సాగడానికి చూస్తుంది. ఎక్కిన ప్రతిసారీ, దిగిన ప్రతిసారీ ఆ లోహం అలిసిపోతుంది. అందుకే రాజీ పడి, లోపలి ఒత్తిడిని 6,000 నుంచి 8,000 అడుగుల కొండ మీద ఉన్నట్టు ఉంచుతారు. అంటే మీరు కిటికీ పక్కన కూర్చుని కాఫీ తాగుతున్నప్పుడు మీ శరీరం ఊటీ అంత ఎత్తులో ఉందన్నమాట. 8,000 అడుగుల దగ్గర ఒత్తిడి 565.

ఒత్తిడి తగ్గితే గాలి సాగుతుంది. 1662లో రాబర్ట్ బాయిల్ చెప్పింది ఇదే. మన ఇంటర్ పుస్తకంలో మార్కుల కోసం చదివి మర్చిపోయాం. శరీరంలో ఉండే గాలి తడిగాలి, ఆవిరి వాటా తీసేసి లెక్కేస్తే చెన్నై నుంచి 8,000 అడుగులకు ఎక్కినప్పుడు 1.38 రెట్లు అవుతుంది. ఆ కుర్రాడి ఛాతీలో 300 మిల్లీలీటర్లు ఉందనుకోండి, 400 దాటుతుంది. పోవడానికి దారి లేని గాలి ఊపిరితిత్తిని నొక్కుతుంది, ఇంకా పెరిగితే గుండెను పక్కకు తోస్తుంది. నేల మీద చిన్నది గాల్లో చిన్నది కాదు. బెంగళూరు నుంచి ఎక్కితే అదే గాలి 1.22 రెట్లే అవుతుంది, ఎందుకంటే మనం ముందే కొంత కొండెక్కి కూర్చున్నాం. అందుకే రోగిని ఏ ఊరి నుంచి తెస్తున్నామో నేను ముందు అడుగుతాను, రోగం పేరు తర్వాత.

గాలి ఇరుక్కునే చోట్లు చాలానే ఉన్నాయి. పేగు మూసుకుపోయిన రోగికి పొట్ట ఉబ్బుతుంది, ముక్కులోంచి ట్యూబ్ వేసి గాలి తీసేస్తాం. తల ఆపరేషన్ తర్వాత పుర్రెలో మిగిలిన గాలి ఇంకా ప్రమాదం. కొత్తగా వేసిన పిండికట్టు లోపల కూడా గాలి చిక్కుకుంటుంది. కట్టు వేసి 48 గంటలు కాకపోతే నిలువునా చీల్చి తీసుకెళ్తాం, లేకపోతే కాలికి రక్తం ఆడదు. 'నిన్ననే వేశారు, అప్పుడే కోస్తారా' అని బాధపడతారు. కోయక తప్పదు.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. వెంటిలేటర్ మీద ఉన్న రోగి గొంతులో వేసే ట్యూబ్‌కి చివర చిన్న బుడగ ఉంటుంది, కఫ్ అంటాం. దాన్ని గాలితో నింపితే గొంతు గోడకు ఆనుకుని లీక్ కాకుండా ఆపుతుంది. పైకి వెళ్తే అది ఉబ్బి గొంతు గోడను నొక్కేస్తుంది, కాబట్టి గేజ్ పెట్టి చూసి కొంచెం గాలి తీయాలి. కొత్తల్లో ఒకసారి బెంగళూరు నుంచి చెన్నైకి రోగిని తీసుకెళ్తూ ఎక్కేటప్పుడు చక్కగా తీశాను. దిగేటప్పుడు మళ్లీ నింపడం మర్చిపోయాను. విమానం కిందికి వస్తుంటే రోగి గొంతులోంచి గరగర శబ్దం, వెంటిలేటర్ అలారం. మెషీన్ పాడైందనుకుని అటూ ఇటూ చూశాను. పక్కనున్న నర్స్ సిరంజి నా చేతిలో పెట్టి, 'సార్, కఫ్' అంది. రెండు సిరంజి గీతల గాలి, అంతే, శబ్దం ఆగింది. ఈ సీసాకి జరిగిందే ఆ కఫ్‌కీ జరిగింది. ఎక్కేటప్పుడు అందరికీ గుర్తుంటుంది, దిగేటప్పుడే మర్చిపోతాం.

రెండో సంగతి ఆక్సిజన్. పైన ఆక్సిజన్ తక్కువ అంటారు, కానీ వాటా ఎక్కడైనా 21 శాతమే. తగ్గేది తోసే బలం. జాన్ డాల్టన్ లెక్క ప్రకారం మొత్తం ఒత్తిడిలో ఆక్సిజన్ తన వాటా మేరకే తోస్తుంది. మనం పీల్చే గాలిలో ఆ తోపు చెన్నైలో 150 మిల్లీమీటర్లు, బెంగళూరులో 133, 8,000 అడుగుల్లో 109. ఆరోగ్యంగా ఉన్న మనిషికి కూడా అక్కడ ఆక్సీమీటర్ 90 పైన ఎక్కడో ఆగుతుంది. మనకేం తెలియదు, నిద్రొస్తుంది అంతే. నిమోనియాతో ఉన్నవాడికి అది చాలదు.

అందుకే బయల్దేరే ముందు కాగితం మీద లెక్క వేస్తాం. సముద్ర మట్టంలో 40 శాతం ఆక్సిజన్‌తో నిలకడగా ఉన్నవాడికి 8,000 అడుగుల్లో 54 శాతం కావాలి. 80 శాతం మీద ఉన్నవాడికి? 108 శాతం. అలాంటి ఆక్సిజన్ ఏ కంపెనీ అమ్మదు. అప్పుడు పైలట్‌ని బతిమాలుకుంటాం, కిందుగా ఎగిరి కేబిన్‌ని నేల ఒత్తిడికి దగ్గరగా ఉంచమని. ఇంధనం ఎక్కువ తాగుతుంది, మేఘాల్లో కుదుపులు ఎక్కువ, కొన్నిసార్లు మధ్యలో దిగాల్సి వస్తుంది. బిల్లు పెరిగినప్పుడు జనం అనుమానపడేది ఇక్కడే. ఆ లెక్క చూపించమని డాక్టర్ని అడగండి, అడగడం మీ హక్కు.

ఆక్సిజన్ తగ్గితే ఆయాసం వస్తుంది, తెలిసిపోతుందిలే అనుకుంటారు. అదే భయం నాకు. 1875 ఏప్రిల్‌లో ఫ్రాన్సులో ముగ్గురు 'జెనిత్' అనే బెలూన్‌లో 8,000 మీటర్ల పైకి వెళ్లారు. ఆక్సిజన్ సంచులు పక్కనే ఉన్నాయి. అందుకునే శక్తి చేతికి లేకుండా పోయింది. క్రోసే-స్పినెల్లి, సివెల్ చనిపోయారు. తిసాందియే ఒక్కడే బతికాడు, అదీ చెవుడుతో. ఆక్సిజన్ అందని మెదడు తనకు అందట్లేదని చెప్పదు, పైగా హుషారుగా ఉంటుంది. గాల్లో రోగి ఉన్నట్టుండి జోకులు వేయడం మొదలుపెడితే నేను నవ్వను, మానిటర్ చూస్తాను. మనకు దగ్గర్లోనే పాత ఎయిర్‌పోర్ట్ రోడ్డులో 1957 నుంచి ఏరోస్పేస్ మెడిసిన్ సంస్థ ఉంది. అక్కడ గాలి తీసేసే గదిలో కూర్చోబెట్టి ఇదే అనుభవం పైలట్లకు చూపిస్తారు. గగన్‌యాన్ వ్యోమగాములకు పరీక్షలు జరిగింది కూడా అక్కడే.

ఇది పాత కథ అనుకోకండి. 2018 సెప్టెంబరులో ముంబై నుంచి జైపూర్ బయల్దేరిన ఒక విమానంలో కేబిన్‌కి గాలి ఇచ్చే స్విచ్ వేయడం మర్చిపోయారు. ముప్పై మంది దాకా ఇబ్బంది పడ్డారు, కొందరికి ముక్కుల్లోంచి, చెవుల్లోంచి రక్తం వచ్చింది, విమానం వెనక్కి తిప్పారు.

మూడోది గోలీ సోడా. మూత తీయగానే బుస్సుమని బుడగలు. ఒత్తిడి ఉన్నంతసేపు కరిగి ఉన్న గ్యాస్, ఒత్తిడి పోగానే బయటికి వస్తుంది, ఇది విలియం హెన్రీ అనే శాస్త్రవేత్త చెప్పింది. రోగుల్లో దీనితో పెద్దగా పని పడదు. కానీ ఇక్కడున్న కుర్రాళ్లు అండమాన్ వెళ్లి స్కూబా చేసి సాయంత్రం ఫ్లైట్ బుక్ చేసుకుంటారు చూడండి, వాళ్లకు చెప్తున్నా. నీళ్ల లోతులో ఒత్తిడికి మీ ఒంట్లో కూడా గ్యాస్ అలాగే కరుగుతుంది. ఒక్కసారి మునిగితే కనీసం 12 గంటలు, పదే పదే మునిగితే 18 గంటలు ఆగండి. లేకపోతే ఆ బుడగలు మీ కీళ్లలో, వెన్నులో వస్తాయి.

నన్ను ఎక్కువమంది అడిగేది ఎయిర్ అంబులెన్స్ గురించి కాదు, అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లే అమ్మానాన్నల గురించి. ఒక్క విషయం గట్టిగా చెప్తాను. రెటీనా ఆపరేషన్‌లో కొందరికి కంట్లో గ్యాస్ బుడగ పెడతారు. అది ఉండగా విమానం ఎక్కితే బుడగ సాగి కంట్లో ఒత్తిడి పెరుగుతుంది, చూపే పోవచ్చు. ఏ గ్యాస్ వాడారన్నదాన్ని బట్టి రెండు వారాల నుంచి రెండు నెలల దాకా ఆగాలి. కంటి డాక్టర్ సరేననేదాకా టికెట్ జోలికి పోకండి. ఘాట్ రోడ్లకూ ఇదే వర్తిస్తుంది, గ్యాస్ ఉండగా తిరుమల మొక్కు కూడా వాయిదా వేయండి. మామూలు శుక్లాల ఆపరేషన్‌లో గ్యాస్ పెట్టరు, దానికి ఇంత భయం అక్కర్లేదు. చంటిబిడ్డ విమానం దిగేటప్పుడు ఏడిస్తే తిట్టకండి. చెవి నొప్పి అది, పాలు పట్టండి. గుటక వేస్తే తెరుచుకుంటుంది.

ఆ కుర్రాడి సంగతి సగంలో వదిలేశాను కదూ. ఛాతీ ట్యూబ్‌కి మామూలుగా తగిలించే నీళ్ల సీసా బదులు రబ్బరు వాల్వ్ ఉన్న బ్యాగ్ తగిలించి బయల్దేరాం. ఆ వాల్వ్ గాలిని బయటికి మాత్రమే పంపుతుంది. విమానం ఎక్కుతున్నంతసేపు అది పటపటా కొట్టుకుంటూనే ఉంది. బావమరిది ఎదురు సీట్లో కూర్చుని దాన్నే చూస్తున్నాడు, నన్ను ఏమీ అడగలేదు. పాత హెచ్ఏఎల్ ఎయిర్‌పోర్టులో దిగాం. 2008లో మామూలు విమానాలన్నీ దేవనహళ్లికి వెళ్లిపోయాక అక్కడ కాస్త ప్రశాంతంగా ఉంటుంది. స్ట్రెచర్ అంబులెన్స్‌లోకి ఎక్కిస్తుంటే నా పక్కకు వచ్చి, 'డాక్టర్ గారూ, ఆ రబ్బరు అలా కొట్టుకుంది కదా, అదంతా లోపలున్న గాలేనా?' అన్నాడు. అవునన్నాను. ఇంకేమీ అనకుండా బ్యాగ్ తనే పట్టుకుని, ఆస్పత్రి దాకా కింద పెట్టకుండా కూర్చున్నాడు.

ఇక ప్రశ్నలుంటే అడగండి. బాబూ, నువ్వు ముందు ఇటు రా. సీసా చెవి దగ్గర పెట్టుకుని, ఇప్పుడు మూత తియ్యి.